గర్భం సరే... ఎక్కడుంది?

స్ట్రిప్పు మీద రెండు గీతలు పడితే గర్భం వచ్చినట్టే. ఎక్కడ వచ్చిందో మాత్రం ఆ స్ట్రిప్పు చెప్పదు. నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది మందికి ఆ ప్రశ్న వేసుకోవాల్సిన పనే పడదు. పిండం గర్భసంచి లోపలి పొరలో కుదురుగా పాతుకుంటుంది. మిగిలిన ఒకరిద్దరిలో దారి తప్పుతుంది. అలా తప్పినవాటిలో తొంభై శాతానికి పైగా ఫెలోపియన్ ట్యూబులోనే ఆగిపోతాయి కాబట్టి డాక్టరు చూపు మొదట అటే పోతుంది. అసలు చిక్కు ట్యూబులో కూడా లేని గర్భంతో వస్తుంది. అండాశయంలో, ట్యూబు గర్భసంచి గోడలోకి దిగే మూలలో, గర్భసంచి మెడలో, పాత సిజేరియన్ మచ్చలో, ఒక్కోసారి ఏకంగా పేగుల మధ్య. పాఠ్యపుస్తకాలు వీటన్నిటినీ అధ్యాయం చివరి రెండు మూడు పేజీల్లో సర్దేస్తాయి. కేసుకు కేసు లెక్కేస్తే ప్రాణాపాయం ఎక్కువున్నవి ఆ పేజీల్లోవే.

ఇలాంటి గర్భాలతో పరుగెత్తాల్సిన పెద్దాస్పత్రుల్లో ఒకటి చెన్నై రాయపురంలో ఉంది. రాయపురం అనగానే రైళ్ళ మీద మోజున్నవాళ్ళకు 1856 గుర్తొస్తుంది. ఆ ఏడాది జులైలో దక్షిణాదిలో మొదటి రైలు ఇక్కడి స్టేషన్ నుంచే వాలాజా రోడ్డుకు బయల్దేరింది. ఉత్తర చెన్నై ఆడవాళ్ళకు మాత్రం రాయపురమంటే కాన్పుల ఆస్పత్రి. పూర్తి పేరు రాజా సర్ రామస్వామి మొదలియార్ ప్రసూతి ఆస్పత్రి. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, ‘ఆర్‌ఎస్‌ఆర్‌ఎం’ అంటే ఆటోవాలాకు చాలు. 1880 నాటిది. సావలై రామస్వామి మొదలియార్ అనే దుబాసీ ధర్మం. సెంట్రల్ స్టేషన్ దగ్గర ప్రయాణికులకు సత్రం కట్టించింది కూడా ఆయనే. ఇప్పుడిది స్టాన్లీ మెడికల్ కాలేజీకి అనుబంధం. ఆ స్టాన్లీ కూడా గంజి పోసే సత్రంగా పుట్టిందే. 1780ల కరువులో మొదలైన మణిగారు సత్రం పుణ్యాన పాతవాళ్ళు దాన్ని ఇప్పటికీ ‘గంజితొట్టి ఆస్పత్రి’ అంటారు.

ఈ చుట్టుపక్కల తెలుగు వినడానికి పెద్దగా వెతకనక్కర్లేదు. రేవులో, తోలు మండీల్లో, నగరపాలక పారిశుధ్య పనిలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఉత్తర చెన్నైలో బోలెడు. తడ, సూళ్ళూరుపేట, నగరి వైపు నుంచి పెద్దాస్పత్రి అవసరమై వచ్చేవాళ్ళు సరేసరి. ‘కడుపులో నొప్పిగా ఉండాది, తల తిరగతా ఉండాది’ అన్న మాట ఈ ఊరి ఆస్పత్రులకు కొత్తది కాదు. ఆ ఒక్క మాట వెనక గ్యాసు ఉండొచ్చు, అపెండిక్స్ ఉండొచ్చు, పగిలిన గర్భమూ ఉండొచ్చు. నొప్పితో వచ్చిన ఆడమనిషి పిల్లలు పుట్టే వయసులో ఉంటే, ఆమె ఏం చెప్పినా, ముందు మూత్రం పరీక్ష చేయాలన్నది అత్యవసర వైద్యంలో మొదటి పాఠం. పెళ్ళయిందా లేదా, ఆపరేషన్ అయిందా లేదా అన్నవి తర్వాతి ప్రశ్నలు.

రెండు అంకెలు, ఒక స్కాన్

స్కాన్ లేని రోజుల్లో ఈ రోగాన్ని చేతివేళ్ళతో, సూదితో పట్టేవారు. యోని వెనక గోడలోంచి కడుపులోకి సూది గుచ్చి లాగితే గడ్డకట్టని రక్తం వచ్చిందా, లోపల ఏదో పగిలినట్టు లెక్క. వెంటనే కడుపు కోయాల్సిందే. కర్నూలులో పుట్టి, మద్రాసులో ప్రసూతి వైద్యానికి పెద్దదిక్కైన ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్ 1938లో రాసిన ‘క్లినికల్ ఆబ్‌స్టెట్రిక్స్’ చదువుకున్న తరాల డాక్టర్లకు ఆ సూది బాగా తెలుసు. పగిలిన ట్యూబును తీసేసి మనిషిని బతికించడం మొదటిసారి 1883లో బర్మింగ్‌హామ్‌లో లాసన్ టెయిట్ చేసి చూపాడు. ఆ తర్వాత చాలాకాలం వరకు వైద్యమంటే అదే: పగిలేదాకా తెలిసేది కాదు, పగిలాక కోసేవారు.

ఇప్పుడు పగలకముందే తెలుసుకోవచ్చు. దానికి ఆధారాలు రెండు. ఒకటి రక్తంలో గర్భం హార్మోను బీటా హెచ్‌సీజీ, రెండోది యోని ద్వారా చేసే స్కాన్, ఆస్పత్రి భాషలో టీవీఎస్. హెచ్‌సీజీ ఒక్కసారి చూస్తే లాభం లేదు, 48 గంటల తేడాతో రెండుసార్లు చూడాలి. మొదటి అంకె 1500 లోపు ఉంటే రెండు రోజుల్లో కనీసం 49 శాతం పెరగాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2018లో లెక్క చెప్పింది. అంతకంటే మందకొడిగా పెరిగినా, ఒకచోటే నిలబడిపోయినా అనుమానించాలి. అంకె 3500 దాటాక కూడా గర్భసంచిలో ఏమీ కనబడలేదంటే, అప్పటికే గర్భస్రావం అయిపోయి ఉంటే తప్ప, గర్భం బయటే ఉందనుకోవాలి.

ఈ లెక్కలన్నీ ప్రధానంగా ట్యూబు గర్భం కోసం రాసుకున్నవి. అరుదైన రకాలు వీటికి లొంగవు. సిజేరియన్ మచ్చలో ఉన్న గర్భంలో హెచ్‌సీజీ నిక్షేపంగా పెరగొచ్చు, గుండె కొట్టుకోవచ్చు. రిపోర్టులో ‘సింగిల్ లైవ్’ అని వస్తుంది, ఇంట్లో స్వీట్లు పంచుతారు. గండం ఆ రిపోర్టులోనే ఉంటుంది.

వేషం మార్చుకుని వచ్చేవి

అరుదైన గర్భాలు చాలావరకు మరో రోగం వేషంలో వస్తాయి. గర్భసంచి మెడలో, అంటే సర్విక్స్‌లో, దిగిన గర్భాన్నే తీసుకోండి. సుమారు 9000 గర్భాల్లో ఒకటి. నొప్పి ఉండదు, రక్తం మాత్రం పోతుంది. సర్విక్స్ ఉబ్బి ఉంటుంది, అందులో పిండం సంచి కనిపిస్తుంది. చూసినవాళ్ళకు ‘అబార్షన్ అవుతోంది, సంచి కిందికి జారింది, డి అండ్ సి చేసేద్దాం’ అనిపించడం సహజం. అలా అనుకుని గోకితే రక్తం ఆగదు. గర్భసంచి పైభాగంలో కండరం ఉంది కాబట్టి కాన్పయ్యాక బిగుసుకుని రక్తనాళాలను నొక్కేస్తుంది. మెడలో ఆ కండరం చాలా తక్కువ, బిగుసుకోదు. ఒకప్పుడు దీనికి గర్భసంచి తీసేయడం తప్ప గతి ఉండేది కాదు.

తేడా కనిపెట్టే ఉపాయం స్కాన్‌లోనే ఉంది. ప్రోబుతో సర్విక్స్‌ను మెల్లగా నొక్కితే, జారిపోతున్న అబార్షన్ సంచి అటూ ఇటూ కదులుతుంది. అక్కడే వేళ్ళూనిన గర్భం కదలదు. కలర్ డాప్లర్ పెడితే దాని చుట్టూ రక్తం ప్రవహిస్తూ కనిపిస్తుంది. ఈ రెండూ చూడటానికి పట్టేది రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపు ఓపిక పట్టినందుకు ఒక ఆడమనిషికి గర్భసంచి మిగులుతుంది.

ట్యూబు గర్భసంచి గోడలోంచి వెళ్ళే సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల మేర పాతుకున్నదాన్ని ఇంటర్‌స్టీషియల్ గర్భం అంటారు. దీని మోసం మరో రకం. చుట్టూ కండరం ఉంది కనుక మామూలు ట్యూబు కంటే ఎక్కువ రోజులు సాగుతుంది, అందాకా నొప్పి రాకపోవచ్చు. స్కాన్ చేసినవాళ్ళకు గర్భసంచి పై మూలలో సంచి కనిపిస్తుంది, ‘లోపలే ఉంది’ అని రాసేస్తారు. పగిలినప్పుడు మాత్రం గర్భాశయ రక్తనాళం, అండాశయ రక్తనాళం కలిసే చోటే పగులుతుంది. ట్యూబు గర్భంతో పోలిస్తే దీనివల్ల మరణాలు ఎక్కువ కావడానికి కారణం అదే. సంచి ఓ పక్కకు ఒరిగి, దాని చుట్టూ కండరం మందం 5 మిల్లీమీటర్లలోపు ఉంటే ఇదని అనుమానించాలి. పుట్టుకతోనే గర్భసంచి సగమే ఏర్పడి, రెండో సగం మొండి కొమ్ములా మిగిలినవాళ్ళలో ఆ కొమ్ములో గర్భం రావడం ఇంకా అరుదు. అలాంటివాళ్ళలో చాలామందికి కిడ్నీ కూడా ఒకటే ఉంటుంది. అందుకని ఆపరేషన్‌కు ముందు కిడ్నీలు కూడా చూడాలి.

అండాశయంలో గర్భాన్ని స్కాన్‌లో తిత్తి నుంచి వేరుచేయడం ఆరితేరిన రేడియాలజిస్టులకే కష్టం. అండం విడుదలైన చోట మామూలుగా ఏర్పడే తిత్తి చిట్లినా ఇలాగే రక్తం వస్తుంది, ఇలాగే కనిపిస్తుంది. చాలాసార్లు ఆపరేషన్ బల్ల మీద కూడా తేలదు, తీసిన ముక్క పెథాలజీకి వెళ్ళాకే తెలుస్తుంది. జర్మన్ వైద్యుడు స్పీగల్‌బర్గ్ 1878లో పెట్టిన నాలుగు షరతులే ఇప్పటికీ ప్రమాణం. అందులో కీలకమైనది, సంచి గోడలో అండాశయ కణజాలం కనబడాలన్నది.

ఇక కడుపులో, పేగుల మధ్య పెరిగే గర్భం. నెలలు నిండేదాకా గుర్తించని సందర్భాలూ వైద్య చరిత్రలో ఉన్నాయి. దీన్ని ఆపరేట్ చేసే సర్జన్‌కు అసలు పరీక్ష బిడ్డను తీయడంలో ఎదురు కాదు, మాయ దగ్గర ఎదురవుతుంది. అది పేగుకో, పేగు పొరకో, పెద్ద రక్తనాళం పక్కనో అతుక్కుని ఉంటుంది. లాగితే రక్తం వరదలా పారుతుంది. చాలాసార్లు బొడ్డుతాడు కట్టేసి, మాయను లోపలే వదిలేసి కడుపు కుట్టేస్తారు. అది నెలల తరబడి మెల్లగా కరిగిపోతుంది. ఎవరికీ తెలియకుండా పిండం లోపలే చనిపోతే ఒక్కోసారి శరీరం దాని చుట్టూ సున్నం పేర్చుకుంటుంది. 2014లో నాగపూర్‌లో డాక్టర్లు అరవై ఏళ్ళ స్త్రీ కడుపులోంచి 36 ఏళ్ళ నాటి పిండం అస్థిపంజరాన్ని తీశారు. పత్రికలన్నీ వింతగా రాశాయి. 

మన కోతలే తెచ్చిన జబ్బు

పైవన్నీ నిజంగానే అరుదు. వాటికోసం ఊరూరా భయపడనక్కర్లేదు. ఒక్కదాని సంగతి వేరు.

సిజేరియన్ మచ్చలో గర్భం గురించి వైద్య పత్రికల్లో మొదటిసారి రాసింది 1978లో, దక్షిణాఫ్రికా నుంచి. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎక్కడో ఒకటీ అరా కేసు వినిపించేది. ఇప్పుడు 1800 నుంచి 2200 గర్భాల్లో ఒకటి అంటున్నారు. స్కాన్ మిషన్లు మెరుగుపడ్డాయి, నిజమే. కానీ అసలు కారణం అందరికీ కనబడేదే. కోత పెరిగితే మచ్చ పెరుగుతుంది, మచ్చ పెరిగితే ఈ జబ్బు పెరుగుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం. తమిళనాడులో 44.9. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, దేశంలోకెల్లా ఎక్కువ. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులనే విడిగా చూస్తే ఎనభై శాతం దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 శాతం దాటితే తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయన్న ఆధారం లేదంటుంది. ముహూర్తం చూసుకుని కోయించుకునే మోజు గురించి, నొప్పులకు భయపడే కోడళ్ళ గురించి మన పత్రికలు చాలా రాశాయి. బిల్లు గురించీ రాశాయి. ఆ కోత మరుసటి గర్భానికి ఏం చేస్తుందన్నది మాత్రం అంతగా చర్చకు రాదు. ఈ తూకంలో తప్పు కోడళ్ళది తక్కువ, ఆస్పత్రులది ఎక్కువ అని నా అభిప్రాయం.

మచ్చ సరిగా మానకపోతే గర్భసంచి ముందు గోడలో చిన్న పల్లం మిగులుతుంది. తర్వాత వచ్చిన పిండం ఆ పల్లంలో దిగితే, పాత గోడ పగులులో మొలిచిన రావి మొక్కలాగే వేళ్ళు లోపలికి తోసుకుపోతాయి. అవతల మూత్రాశయం. మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల కండరం మిగిలితే ఎక్కువ, ఒక్కోసారి అదీ ఉండదు. మూడు నాలుగు సిజేరియన్లు అయినవాళ్ళకే ఇది వస్తుందనుకోవడం పొరపాటు. వైద్య సాహిత్యంలో నమోదైన కేసుల్లో దాదాపు సగం ఒక్క సిజేరియన్ మాత్రమే అయినవాళ్ళవి.

దీన్ని పట్టుకోవడానికి మంచి సమయం ఆరో వారం, ఏడో వారం. గర్భసంచి పైభాగం ఖాళీ, సర్విక్స్ ఖాళీ, సంచి మాత్రం ముందు గోడ మీద, మూత్రాశయానికి ఆనుకుని కిందుగా కనిపిస్తుంది. ఎనిమిదో వారం దాటాక సంచి పెరుగుతూ పైకి సాగుతుంది, మామూలు గర్భంలాగే కనిపించడం మొదలవుతుంది. వేళ్ళు మాత్రం మచ్చలోనే ఉంటాయి. అందుకే ‘మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దు, డాక్టరు దగ్గరికీ తొందరపడొద్దు’ అనే మన ఇళ్ళ ఆనవాయితీ సిజేరియన్ అయినవాళ్ళ విషయంలో ప్రమాదం. దిష్టి తగులుతుందని చుట్టాలకు చెప్పకపోతే మానె. స్కాన్ ఆపొద్దు.

న్యూయార్క్ వైద్యుడు ఇలాన్ టిమోర్-ట్రిచ్, ఆయన సహచరులు 2010ల్లో మరో సంగతి తేల్చారు. మచ్చ గర్భం, నెలలు నిండాక మాయ గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయే ‘యాక్రీటా’ అన్నవి రెండు జబ్బులు కావు, ఒకటే జబ్బు రెండు వయసులు. ఈ మాట కుటుంబాలకు అర్థమయ్యేలా చెప్పడం డాక్టర్లకు చాలా కష్టమైన పని. గుండె కొట్టుకుంటున్న బిడ్డను ‘ఇప్పుడే తీసేద్దాం’ అంటే ఏ అత్తగారు ఒప్పుకుంటుంది? కొనసాగిస్తే బిడ్డ దక్కవచ్చు కూడా. కానీ గర్భసంచి పగలడం, ఆగని రక్తస్రావం, చివరికి కాన్పుతో పాటు గర్భసంచి తీసేయడం, ఇవన్నీ తలుపు దగ్గరే నిలబడి ఉంటాయి. అమెరికా మాతృ-పిండ వైద్య సంఘం 2020లో సూటిగానే చెప్పింది: చూద్దాం, ఆగుదాం అనొద్దు. అన్నీ తెలిసీ కొనసాగించాలని తల్లే నిశ్చయించుకుంటే 34, 35 వారాల మధ్య, రక్తం, సర్జన్లు అన్నీ సిద్ధంగా ఉన్న పెద్దాస్పత్రిలోనే కాన్పు చేయాలి.

తీసేయాలనుకున్నాక ఎలా తీయాలన్నది మరో మెలిక. ఊరి నర్సింగ్ హోమ్‌లో గుడ్డిగా డి అండ్ సి చేస్తే పలచటి గోడ చిరిగి మూత్రాశయం దాకా పోవచ్చు. ఒంట్లోకి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవడమూ పనిచేయదని అదే సంఘం అంటుంది. స్కాన్‌లో చూస్తూ సక్షన్‌తో తీయడం, సూదితో నేరుగా సంచిలోకే మందు ఎక్కించడం, లాప్రోస్కోపీతో మచ్చను కోసి గోడను మళ్ళీ కుట్టడం, ఇవి పద్ధతులు. ఏది ఎవరికన్నది వారాలను బట్టి, మిగిలిన కండరం మందాన్ని బట్టి, ఇంకా పిల్లలు కావాలా వద్దా అన్నదాన్ని బట్టి ఉంటుంది. రక్తనిధి, ఐసీయూ, రాత్రి రెండింటికి పిలిచినా వచ్చే అనస్థీషియా డాక్టరు ఉన్నచోట చేయించుకోవాలి. రాయపురం లాంటి ప్రభుత్వ ఆస్పత్రులకు ఉన్న బలం ఇదే. గోడల రంగు వెలిసిపోయి ఉండొచ్చు, వరండాలో రద్దీ విసిగించొచ్చు. రక్తం మాత్రం ఉంటుంది, చేయి తిరిగిన సర్జన్లుంటారు.

భీమవరం కుర్రాడి మందు

ఈ మెథోట్రెక్సేట్ కథలో మనవాడొకడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్ పాసవడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు గట్టెక్కించింది. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. అక్కడ ఖద్దరు వేసుకున్నందుకు ఆంగ్ల ప్రొఫెసర్‌కు కన్నెర్రయి, ఎంబీబీఎస్ దక్కాల్సినవాడికి దానికంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది. ఇదంతా రాయపురానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో జరిగిన కథ. 1920ల మొదట్లో హార్వర్డ్‌కు వెళ్ళాడు, 1940లో లెడర్లీ కంపెనీలో చేరాడు.

స్ప్రూ వ్యాధి ఆయన అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకుంది, ఆయన్నూ పీడించింది. ఆ రోగం మీద పగ కావచ్చు, ఫోలిక్ యాసిడ్ మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1945లో ఆయన బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. వెంటనే దాని వ్యతిరేకులనూ తయారుచేసింది: అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, కణాన్ని మోసగించి, విభజన ఆపేసే పదార్థాలు. అమినోప్టెరిన్ అలా వచ్చింది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాంతోనే పిల్లల లుకేమియాను తాత్కాలికంగానైనా అణచగలిగాడు. ఆ ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయాడు. అమినోప్టెరిన్ తోబుట్టువే మెథోట్రెక్సేట్.

మాయ కణాలు కూడా క్యాన్సర్ కణాల్లాగే వేగంగా విడిపోతాయి. ఆ మాయ కణాల నుంచే పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఈ మందుతో నయం చేశారు. అక్కడి నుంచి దారి తప్పిన గర్భానికి రావడానికి పాతికేళ్ళు పట్టింది. 1982లో జపాన్‌లో తనాకా బృందం మొదటిసారి ఆ పని చేసింది, అదీ ఇందాక చెప్పిన ఇంటర్‌స్టీషియల్ గర్భం మీద. కోస్తే గర్భసంచి మూలే పోయే చోట మందుతో పని జరిగింది. అంటే ఈ వైద్యం మొదలైందే అరుదైన రకంతో.

ఇప్పుడు ప్రతి గర్భిణికీ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర, దారి తప్పిన గర్భానికి ఇచ్చే ఇంజెక్షన్, రెండూ ఆ ఒక్క ప్రయోగశాల సంతానమే. రెండూ ఒకదానికొకటి విరోధులు కూడా. ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికొచ్చిన అమ్మాయికి ‘నీరసంగా ఉన్నావు, బలానికి వేసుకో’ అని పాత ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తే మందు సరిగా పనిచేయకపోవచ్చు. డాక్టరు చెప్పేదాకా ఆపాలి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి సొంతంగా మింగకూడదు. మళ్ళీ గర్భానికి కనీసం మూడు నెలలు ఆగాలి.

అందరికీ ఈ మందు పనికిరాదు. రక్తపోటు పడిపోయి, కడుపులో రక్తం చేరినవాళ్ళకు ఆపరేషనే. హెచ్‌సీజీ 5000 దాటినా, గుండె కొట్టుకుంటున్నా మందు విఫలమయ్యే అవకాశం ఎక్కువ. ముందు కాలేయం, కిడ్నీ, రక్తకణాల పరీక్షలు చేస్తారు. ఇంజెక్షన్ తర్వాత నాలుగో రోజు, ఏడో రోజు హెచ్‌సీజీ చూస్తారు. ఆ రెండిటి మధ్య 15 శాతమైనా తగ్గాలి. నాలుగో రోజు అంకె కాస్త పెరిగినా బెంబేలు పడక్కర్లేదు. ఆ తర్వాత అంకె సున్నాకు వచ్చేదాకా వారానికోసారి రక్తపరీక్ష. చాలామంది ఇక్కడే తప్పిపోతారు. నొప్పి పోయింది కదా అని రారు. ఊరు దూరం, రోజు కూలి పోతుంది, పిల్లల్ని చూసేవాళ్ళుండరు. ఇంజెక్షన్ అయిన తర్వాత కూడా ట్యూబు పగలొచ్చన్న సంగతి వాళ్ళకు అర్థమయ్యే తెలుగులో, తమిళంలో చెప్పి పంపాల్సిన బాధ్యత ఆస్పత్రులది.

మూడు అపోహలు

ఒకటి: ‘నాకు పిల్లల ఆపరేషన్ అయింది, గర్భం ఎలా వస్తుంది?’ ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశంలో ఇదో రికార్డు. ఆపరేషన్ చాలా గట్టిదే, విఫలం కావడం చాలా తక్కువ. కానీ విఫలమైతే వచ్చే గర్భాల్లో మూడింట ఒకటి దారి తప్పినదే ఉంటుందని అమెరికాలో వేలమందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం తేల్చింది. ఆపరేషన్ అయిన పదేళ్ళకైనా సరే, నెల తప్పి నొప్పి వస్తే అది ‘వేడి చేయడం’ కాకపోవచ్చు.

రెండు: మందుల షాపులో కిట్ కొనుక్కుని అబార్షన్ చేసుకోవచ్చన్నది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్ముతున్నారు. ఆ మాత్రలు గర్భసంచిలో ఉన్న గర్భం మీదే పనిచేస్తాయి. బయట ఉన్నదాన్ని ముట్టవు. కానీ రక్తం మాత్రం పోతుంది, అది చూసి ‘అయిపోయింది’ అనుకుంటారు. తర్వాతి వారం కళ్ళు తిరిగి పడిపోతారు.

మూడు: ఐవీఎఫ్‌లో డాక్టర్లే పిండాన్ని లోపల పెడతారు కాబట్టి దారి తప్పదన్నది. మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ 1978లో పుట్టడానికి రెండేళ్ళ ముందు, అదే స్టెప్టో, ఎడ్వర్డ్స్ బృందం సాధించిన మొదటి గర్భం ట్యూబులోకి పోయింది. ఐవీఎఫ్‌లో ఇంకో ప్రమాదం, ఒకటి లోపల, ఒకటి బయట ఏకకాలంలో ఉండటం. మామూలుగా 30 వేల గర్భాల్లో ఒకటిగా లెక్కగట్టిన ఈ హెటిరోటోపిక్ గర్భం, చికిత్సతో గర్భం దాల్చినవారిలో ఎన్నో రెట్లు ఎక్కువ. లోపల బిడ్డ కనబడగానే స్కాన్ ఆపేస్తే బయటిది దొరకదు. పైగా లోపలి బిడ్డ ఉంది కనుక మెథోట్రెక్సేట్ వాడలేరు. సంతాన సాఫల్య కేంద్రాలు వీధికొకటి వెలిసిన హైదరాబాద్, విజయవాడ, చెన్నైల్లో ఈ సంగతి దంపతులకు ముందే చెప్పాలి.

ఇక లక్షణాల మాట. నెల తప్పడం, గోధుమరంగు మరకలు, పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, ఇవి అందరికీ తెలిసినవే. తెలియనివి కొన్ని ఉన్నాయి. లోపల కారిన రక్తం ఛాతీకీ కడుపుకీ మధ్యనుండే పొర (డయాఫ్రమ్) కిందికి చేరితే భుజం కొనలో నొప్పి వస్తుంది, దాన్ని మెడ పట్టేసిందనుకుంటారు. విరేచనాలు, వాంతులు వచ్చి ఫుడ్ పాయిజన్ అనుకున్న కేసులు బ్రిటన్ మాతృమరణాల విచారణల్లో పదేపదే కనబడ్డాయి. బాత్రూంకి వెళ్ళి లేస్తూ కళ్ళు తిరిగి పడిపోవడం అన్నిటికంటే పెద్ద హెచ్చరిక. అప్పుడు సోడా, ఓమ వాటరు, పడుకోబెట్టి విసరడం పనికిరావు. 108కి ఫోన్ చేయాలి. ఆ సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే పుట్టింది, ఇప్పుడు తమిళనాడులోనూ అదే నంబరు. నెగెటివ్ గ్రూపు రక్తమున్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. గర్భం దారి తప్పినా యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమవుతుంది.

రెండు గీతలు కనబడ్డ రోజునే ఆరో, ఏడో వారానికి స్కాన్ తేదీ రాసుకోండి. సిజేరియన్, కు.ని. ఆపరేషన్, ఐవీఎఫ్, ఇంతకుముందు ట్యూబు గర్భం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్కాన్ చేసేవాళ్ళకు నోరు తెరిచి చెప్పండి, చీటీలో ఉంటుందిలే అనుకోవద్దు. రిపోర్టు చేతికొచ్చాక గుండె కొట్టుకుంటోందా అని అడిగే ముందు, గర్భం ఎక్కడుందో అడగండి.